సింహాన్ని చూసొచ్చాక జ్వరం వస్తే...

ఈ మధ్య మనవాళ్ళకు ఆఫ్రికా సఫారీల మీద మోజు బాగా పెరిగింది. ఇదివరకు పిల్లలు విదేశాల్లో ఉంటే నయాగరా చూసి రావడంతో సరిపోయేది. ఇప్పుడు షష్టిపూర్తికి పట్టుబట్టలతోపాటు సఫారీ టిక్కెట్లు కూడా పెడుతున్నారు. నా దగ్గరికి వచ్చేవారిలోనే ఏడాదికి నలుగురైదుగురు, "డాక్టరు గారూ, ఆఫ్రికా వెళ్తున్నాం, బి.పి. మాత్రలు రాసివ్వండి" అంటుంటారు. మాత్రలు రాసిస్తాను. ఆ తర్వాత నేనడిగే ప్రశ్నే వాళ్ళకు అంతగా రుచించదు. "మలేరియాకి ఏం చేస్తున్నారు?" అంటాను.

"అబ్బే, మేం దిగేది అలాంటి చోట కాదండీ. రాత్రికి మనిషికి లక్ష రూపాయలు!" అంటారు.

ఆ లక్ష రూపాయల సంగతే ఈ వారం మాట్లాడుకుందాం.

ముందుగా ఈ ప్రైవేటు రిజర్వులంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్కు అని చాలా పెద్ద అభయారణ్యం ఉంది. 1926లో ఏర్పడింది. విస్తీర్ణం దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. దాని పడమటి అంచునే సాబీ సాండ్, టింబావటి వంటి ప్రైవేటు అడవులున్నాయి. సొంత భూములున్నవారు పొలాలూ పశువులూ మానేసి, భూములన్నీ కలిపి అడవి జంతువులకు వదిలిపెట్టారు. క్రూగర్‌కూ వీటికీ మధ్య ఉన్న కంచెను 1993లో తీసేశారు. అప్పటినుంచి సింహాలూ ఏనుగులూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. జంతువులు రెండు వైపులా ఒకటే. తేడా అంతా మనుషులకు జరిగే మర్యాదలో ఉంది.

ప్రభుత్వ పార్కులో సొంతంగా కారు నడుపుకునేవారు రోడ్డు దిగకూడదు, చీకటి పడేలోగా శిబిరానికి చేరుకోవాలి. ప్రైవేటు రిజర్వులో అలా కాదు. పైకప్పు లేని జీపులో కూర్చోబెడతారు. బానెట్టు మీద చిన్న సీటు, అందులో అడుగుజాడలు పట్టే మనిషి. చిరుతపులి కనబడితే రోడ్డు వదిలి పొదల్లోకి పోనిస్తారు. పొద్దు గూకే వేళ ఏ వాగు ఒడ్డునో జీపు ఆపి, చిన్న బల్ల వేసి, పానీయాలూ ఫలహారాలూ పెడతారు. అక్కడినుంచి లైటు వేసుకుంటూ రాత్రి సవారీ. తిరిగొచ్చాక ఆరుబయట నెగడు చుట్టూ భోజనం. మీరిచ్చే లక్ష రూపాయల్లో ఎక్కువ భాగం ఈ సాయంకాలానికే పోతుంది.

మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ బయటికి వచ్చేది కూడా సరిగ్గా ఈ వేళకే. పొద్దు వాలినప్పటినుంచి తెల్లవారేదాకా అది కుడుతుంది. పగలు కుట్టే డెంగీ దోమ వేరు. అనాఫిలిస్ మన చెవి దగ్గర పెద్దగా రొద చేయదు, కుట్టినచోట పెద్ద దద్దురూ రాదు. అందుకే "మమ్మల్ని దోమలేమీ కుట్టలేదండీ" అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను. ఆ ప్రాంతంలో ముఖ్యంగా ఉండే రకానికి మరో గుణం ఉంది. అది ఇంట్లోనే కాదు, ఆరుబయట కూడా కుడుతుంది. గదుల్లో మందు కొట్టించి, పరుపు చుట్టూ తెల్లటి దోమతెర కట్టి ఎంత శ్రద్ధ తీసుకున్నా, వాగు ఒడ్డున గడిపే ఆ గంటన్నర మాత్రం మీకు మీరే కాపలా. పార్కు పెట్టిన తొలి రోజుల్లో వానల నెలల్లో చాలా భాగం సందర్శకులకు మూసి ఉంచేవారు. మలేరియా భయం దానికొక ముఖ్య కారణం. అంటే ఆ నేల సంగతి అక్కడివారికి ఏనాడో తెలుసు. తెలియనిది డబ్బిచ్చి కొత్తగా వెళ్ళే మనకే.

నాకు ఎన్నో ఏళ్ళుగా తెలిసిన ఒక దంపతులున్నారు. గోదావరి జిల్లా వాళ్ళు. ఆయన రిటైరైన ఇంజనీరు, వయసు 66. ఆమెకు 61. అబ్బాయి జోహాన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం. ఏప్రిల్ నెలాఖరులో వెళ్ళి, క్రూగర్ పక్కనున్న ఒక ప్రైవేటు రిజర్వులో మూడు రాత్రులుండి, మరో వారం కొడుకు ఇంట్లో గడిపి, మే నెల మొదట్లో ఇంటికొచ్చారు. మాత్రలేవీ వేసుకోలేదు. జోహాన్నెస్‌బర్గ్‌లో మలేరియా లేదు. అక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్న అబ్బాయికే ఆ ఆలోచన రాలేదు, ఇక వీళ్ళకెక్కడ వస్తుంది?

వచ్చిన వారం రోజులకు ఆయనకు జ్వరం. మే నెల, రోహిణి కార్తె ముందటి ఎండలు. వడదెబ్బ అనుకున్నారు. మజ్జిగ, నిమ్మరసం, పారాసిటమాల్. రెండోరోజు వాంతులు. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గాయన్నారు. ఈ రోజుల్లో ప్లేట్‌లెట్లు తగ్గాయంటే అందరి నోటా ఒకటే మాట, డెంగీ! సెలైను ఎక్కించారు. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, అదే చిక్కు. నాలుగోరోజుకు కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది, మనిషి మాట తడబడసాగింది. పట్నంలో పెద్దాసుపత్రికి తరలించారు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు అడిగాడట, "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళొచ్చారా అమ్మా?" అని.

"ఎక్కడికీ లేదు బాబూ, మా అబ్బాయి దగ్గరికే."

"అబ్బాయిగారు ఏ ఊళ్ళో ఉంటారండీ?"

ఆ రెండో ప్రశ్నే ఆయన ప్రాణం నిలబెట్టింది. పది నిమిషాల్లో రక్తం స్లయిడు తీశారు. ప్లాస్మోడియం ఫాల్సిపారం, మలేరియా క్రిముల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది. నరానికి ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూత్రపిండాలు దెబ్బతిని రెండుసార్లు డయాలసిస్ చేయవలసి వచ్చింది. పదిహేడో రోజున ఇంటికొచ్చారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను రాయనక్కర్లేదు.

ఆ ఇల్లాలిని తప్పుపట్టకండి. కొడుకు ఇంటికి వెళ్ళడం మన లెక్కలో 'ఊరు వెళ్ళడం' కాదు. నాలుగు రోజులూ జ్వరం గురించి అడిగిన ప్రతిదానికీ ఆమె సరిగ్గానే జవాబిచ్చింది. ఎవరూ ఊరి పేరు అడగలేదు, అంతే.

మన పెద్దవాళ్ళకు ఈ విషయంలో మనకంటే తెలివి ఉండేది. ఏజెన్సీకి బదిలీ అయిన మాస్టారో, ఫారెస్టు గార్డో సెలవుకు ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని వణికాడంటే, "మన్యం జ్వరంరా ఇది" అని అరుగు మీది ముసలమ్మే చెప్పేసేది. డాక్టరు ముందుగా పొట్ట తడిమి బల్ల పెరిగిందేమో చూసేవాడు. మనిషి ఎక్కడినుంచి వచ్చాడన్నదే సగం రోగనిర్ణయం. ఆఫ్రికాకు విమానంలో ఇట్టే వెళ్ళి వస్తున్నాం గనుక అదీ ఒక మన్యమేనని మరిచిపోతున్నాం.

"మనకి దోమలు కొత్తా? అలవాటైన ఒళ్ళే కదా!" అనేవాళ్ళూ ఉన్నారు. ఇది వట్టి భ్రమ. మలేరియాను కొంతవరకు తట్టుకునే శక్తి, ఆ జ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చే ఊళ్ళలో పుట్టి పెరిగినవారికి మాత్రమే వస్తుంది. ఆ ఊరు వదిలి కొంతకాలం ఉంటే అదీ తగ్గిపోతుంది. హైదరాబాదులోనో రాజమండ్రిలోనో ఉండే మనకు అసలు లేనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో మలేరియాతో ప్రపంచంలో 5 లక్షల 97 వేల మంది చనిపోయారు. వారిలో నూటికి 95 మంది ఆఫ్రికా ప్రాంతంవారే. అందులోనూ నాలుగింట మూడు వంతులు అయిదేళ్ళలోపు పిల్లలు. (పత్రికల్లో వచ్చే మలేరియా టీకా ఆ పిల్లల కోసమే. యాత్రికులకు ఇచ్చేది కాదు, అడగకండి.)

దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం బయటపడిందే మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్, ఒక మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ పొట్టను కోసి, అందులో పెరుగుతున్న మలేరియా క్రిమిని చూశాడు. ఆ పనికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ముందునుంచే విమానాశ్రయానికి వెళ్ళి సఫారీకి బయలుదేరే మనవాళ్ళు, మాత్రల మాట మాత్రం మరిచిపోతుంటారు.

వెళ్ళేముందు

ఎప్పుడు, ఎక్కడికి అన్నది మొదట తేల్చుకోండి. క్రూగర్ పరిసరాల్లో మలేరియా కాలం సెప్టెంబరు నుంచి మే వరకు. జూన్, జులై, ఆగస్టు వాళ్ళకు చలికాలం. ఆ నెలల్లో దోమలు తక్కువ, గడ్డి ఎండిపోయి జంతువులూ బాగా కనిపిస్తాయి. ప్రమాదం పూర్తిగా పోదు, బాగా తగ్గుతుంది. మన సంక్రాంతి సెలవులూ, ఏప్రిల్ సెలవులూ మాత్రం దోమల కాలంలోనే పడతాయి. కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటిలకు ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఏడాది పొడవునా జాగ్రత్త అవసరం.

చంటిపిల్లలతోనో, గర్భిణితోనో వెళ్ళేవారికి నా సలహా సూటిగా చెబుతాను. క్రూగర్ వైపు వెళ్ళకండి. దక్షిణాఫ్రికాలోనే మలేరియా లేని రిజర్వులున్నాయి. వాయవ్యాన బోట్స్వానా సరిహద్దు దగ్గర మదిక్వే, అదే రాష్ట్రంలో పిలానెస్‌బర్గ్, ఇంకా తూర్పు కేప్ వైపున కొన్ని. అక్కడా సింహాలున్నాయి, ఏనుగులున్నాయి. రాత్రికి లక్ష పుచ్చుకునే విడుదులకూ కొదవలేదు. గర్భిణికి ఫాల్సిపారం వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండమే. ఏ చిరుతపులీ అంత విలువైనది కాదు.

మాత్రల సంగతి. పాత క్లోరోక్విన్ ఆఫ్రికాలో పనికిరాదు, అక్కడి క్రిమి దానికి ఎప్పుడో లొంగడం మానేసింది. ఇప్పుడు వాడేవి ముఖ్యంగా మూడు. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రోజుకొకటి చొప్పున, ఆ ప్రాంతం వదిలాక ఏడు రోజులవరకు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ కూడా అలాగే మొదలుపెట్టాలి, కాని తిరిగొచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. గర్భిణులకూ, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకూ ఇది ఇవ్వరు. ఎండకు చర్మం త్వరగా కందుతుంది. మాత్ర వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతులో మంట పుడుతుంది, నిండు గ్లాసు నీళ్ళతో కూర్చుని మింగాలి. మెఫ్లోక్విన్ వారానికొకటి, రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. మూర్ఛలున్నవారికీ, మనోవ్యాధికి ఎప్పుడైనా మందులు వాడినవారికీ అది తగదు. మీకేది సరిపడుతుందో మీ డాక్టరే చెప్పాలి. అన్నీ అన్ని షాపుల్లోనూ దొరకవు కనుక నెలరోజుల ముందే అడగండి.

మూడింటికీ ఒకే తిరకాసు ఉంది. ఇంటికొచ్చాక కూడా వేసుకోవాలి. ఇల్లు చేరి, ఊరగాయ వేసుకుని అన్నం తిన్నాక ఇంకా మాత్రలెందుకని చాలామంది మానేస్తారు. ఆ చివరి రోజున కుట్టిన దోమ వదిలిన క్రిమి అప్పటికింకా మీ కాలేయంలో దాగి ఉంటుంది. అది రక్తంలోకి వచ్చేవేళకు మందు లేకపోతే ఇన్నాళ్ళూ వేసుకున్నది వృథా. వెల్లుల్లి రేకలు, బి విటమిను మాత్రలు, 'దోమలను తరిమే' చేతిగడియారాలు, నివారణ పేరుతో అమ్మే తీపి గుళికలు, వీటిని నమ్ముకుని మాత్రం వెళ్ళకండి.

సాయంత్రం జీపు ఎక్కబోయే ముందు పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, మేజోళ్ళు వేసుకోండి. ఆడవాళ్ళు చీర కట్టుకున్నా ఫరవాలేదు కాని పాదాలూ మడమలూ కప్పుకోవాలి. దోమలకు ఇష్టమైనచోటు అదే. బయటికి కనిపించే చర్మానికి 'డీట్' ఉన్న లేపనం రాయండి, డబ్బా మీద అది నూటికి 20 పాళ్ళకు తగ్గకుండా ఉందో లేదో చూసుకోండి. ఎండకు రాసే క్రీము ముందు, ఇది తర్వాత. భోజనానికి కూర్చునే ముందు మరోసారి.

బట్టల రంగు గురించి కూడా చెప్పాలి. ఖాకీ, మట్టిరంగు బట్టలు ఫ్యాషన్ కోసం కాదు. సెరెంగెటి, జాంబియా వైపు సెట్సీ అనే ఈగ ఉంది. ముదురు నీలం, నలుపు రంగులంటే దానికి ఆకర్షణ. పగలే కుడుతుంది, పలచని బట్టలోంచి కూడా కుడుతుంది. దానివల్ల వచ్చే నిద్రజబ్బు యాత్రికులకు అరుదే. కాని 2001లో టాంజానియా పార్కులకు వెళ్ళొచ్చిన విదేశీ యాత్రికులు కొందరికి వచ్చింది. ఈగ కుట్టినచోట పుండులా ఉబ్బి, తర్వాత జ్వరం వస్తే ఆ ఈగ పేరు డాక్టరుకు చెప్పండి. ఇంతకంటే తరచుగా వచ్చేది గోమారి జ్వరం. గడ్డిలో కాలినడకన తిప్పుతారు చూడండి, అప్పుడు పిడుదులు పట్టుకుంటాయి. కరిచినచోట నల్లటి చిన్న పెచ్చు, తలనొప్పి, జ్వరం. డాక్సీసైక్లిన్‌కు చక్కగా తగ్గిపోతుంది. నడక నుంచి రాగానే స్నానం చేస్తూ మోకాళ్ళ వెనక, నడుము పట్టీ దగ్గర తడిమి చూసుకోండి.

షుగరు ఉన్నవారికి ఒక్క మాట. తెల్లవారుజామున అయిదింటికి టీ, బిస్కెట్టు ఇచ్చి జీపు ఎక్కిస్తారు. అసలు టిఫిను తొమ్మిది దాటాకే. ఇన్సులిన్‌గాని, షుగరు మాత్రలుగాని పొద్దున్నే వేసుకుని ఎక్కితే సింహం ఎదురుగా ఉండగానే కళ్ళు తిరుగుతాయి. మోతాదు వేళలు ముందే డాక్టరుతో మాట్లాడుకోండి, జేబులో తినడానికి ఏదో ఒకటి ఉంచుకోండి. నడుంనొప్పి ఉన్నవారు జీపులో వెనక వరుస ఎక్కవద్దు, కుదుపులన్నీ అక్కడే. మందులు చేతిసంచీలోనే ఉండాలి. రాత్రి గదినుంచి భోజనాలకు కాపలా మనిషి లేకుండా అడుగు వేయకండి. చాలా విడుదులకు కంచె ఉండదు. విమానంలో ఆస్పత్రికి చేర్చే ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్సు తీసుకోండి. తూర్పు ఆఫ్రికాలో ఈ పనికి 1957లో మొదలైన ఎగిరే డాక్టర్ల సంస్థ 'ఆమ్రెఫ్' ఉంది.

ఇంటికొచ్చాక

అసలు జాగ్రత్త ఇప్పుడే మొదలవుతుంది. ఫాల్సిపారం జ్వరం దోమ కుట్టాక ఏడు రోజులలోపు సాధారణంగా రాదు. ఎక్కువమందికి నెలలోపు, కొందరికి మూడు నెలలలోపు వస్తుంది. మాత్రలు సక్రమంగా వేసుకున్నవారికి కూడా ఒక్కొక్కసారి రావచ్చు. మలేరియా అంటే రోజు విడిచి రోజు చలి, వణుకు అని చిన్నప్పుడు చదువుకున్నాం. ఫాల్సిపారం ఆ పాఠం చదువుకోలేదు. మొదట్లో ఒళ్ళునొప్పులు, తలనొప్పి, ఒక్కోసారి విరేచనాలు, దగ్గు, అచ్చం మామూలు ఫ్లూలాగే ఉంటుంది.

కాబట్టి తిరిగొచ్చిన మూడు నెలలలోపు ఏ జ్వరం వచ్చినా, అది ఎంత చిన్నదైనా, అదేరోజు, రేపటికి వాయిదా వేయకుండా, రక్తపరీక్ష చేయించండి. డాక్టరు ముందు కూర్చోగానే మీ నోటినుంచి రావలసిన మొదటి మాట "జ్వరం" కాదు, "ఆఫ్రికా వెళ్ళొచ్చాను" అన్నది. ఏ దేశం, ఏ అడవి, ఏ తేదీన వచ్చారో ఒక చీటీ మీద రాసి ఇంట్లోవాళ్ళకు తెలిసేచోట పెట్టండి. జ్వరం తలకెక్కినప్పుడు మీరు చెప్పలేకపోవచ్చు. మొదటి స్లయిడులో క్రిమి కనబడకపోతే అంతటితో సరిపెట్టకండి. పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలకొకసారి మరో రెండు పరీక్షలు చేయించాలి. పరీక్ష లేకుండా తోచిన మలేరియా మాత్ర వేసుకోవడం, సగం కోర్సులో ఆపడం, రెండూ ముప్పే. వేళకు పట్టుకుంటే ఇది మూడు రోజుల మాత్రలతో కుదిరే జబ్బు. మూడు రోజులు ఆలస్యం చేస్తే మా ఇంజనీరుగారి కథ.

ఆయన ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. మొన్న దంపతులిద్దరూ వచ్చారు. అబ్బాయి మళ్ళీ పిలుస్తున్నాడట, జులైలో. ఈసారి కెన్యా కూడా చూపిస్తానంటున్నాడట. "ఎల్లో ఫీవర్ సూది వేయించుకోవాలంటగా?" అని ఆమె అడిగారు.

నిజమే. ఇక్కడినుంచి నేరుగా వెళ్ళేవారిని కెన్యా ఆ సర్టిఫికెట్ అడగదు. మన దేశమే అడుగుతుంది, తిరిగొచ్చేటప్పుడు. ఎల్లో ఫీవర్‌ను మోసే దోమ మనకు ఇంటింటా ఉంది, జబ్బు మాత్రం లేదు. ఒక్కసారి లోపలికొస్తే ఆపడం ఎవరి తరమూ కాదు కనుక ఈ కట్టుదిట్టం. కాగితం లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. కెన్యా నుంచి దక్షిణాఫ్రికాలో దిగేవారిని అక్కడా అడుగుతారు. హైదరాబాదులో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఈ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజులకు సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుబాటు.

అయితే ఇది బతికున్న క్రిమితో చేసే టీకా. అరవై దాటినవారికి మొదటిసారి వేసేటప్పుడు, అరుదుగానే అయినా, తీవ్రమైన బాధలు వచ్చే అవకాశం పడుచువాళ్ళకంటే ఎక్కువ. గుడ్డు పడనివారికీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికీ కూడా ఆలోచించి వేయాలి. అవతల ఆయన మూత్రపిండాలు ఈమధ్యే కోలుకున్నాయి. ఈ సంగతులన్నీ ఇద్దరికీ విడమరిచి చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించి, "కెన్యా వద్దులెండి. ఆ మలేరియా లేని అడవి పేరేదో చెప్పారే, అది రాసివ్వండి" అన్నారు. మదిక్వే అని చీటీ మీద రాసిచ్చాను. ఆమె దాన్ని పర్సులో పెట్టుకుంటూ, పొద్దున్నే జీపులో చలి బాగా ఉంటుందా అని అడిగారు. జులైలో చాలా ఉంటుంది. స్వెట్టరు, మఫ్లరు రెండూ పట్టుకెళ్ళమన్నాను.